డబ్బాలో శుక్రవారం

వనపర్తి. ఆదివారం సాయంత్రం నాలుగున్నర. ఆరింటికి ఇంట్లో ప్రార్థన కూడిక. వంటింట్లో అత్త శాంతమ్మ గుడాలకని శనగలు ఉడకబెడుతోంది. భర్త జయపాల్ వాళ్ల పెద్దనాయన యోసేపును తోలుకురావడానికి బండి మీద ఆత్మకూరు పోయాడు. సందు దొరికిందే చాలనుకుని కోడలు అమూల్య పడకగది తలుపు దగ్గరకు వేసి, హైదరాబాదులో కంప్యూటర్లు బాగుచేసే మరిది ప్రదీప్‌కు ఫోను కలిపింది. ముందుగదిలో టీవీ కింద ఉన్న తెల్ల డబ్బాను నిరుడు తెచ్చి పెట్టింది అతనే. ఇంటిల్లిపాది ఫోటోలు, పాటలు, వీడియోలు అన్నీ అందులోనే ఉంటాయి. తన గొంతు మామూలుగానే ఉందని అమూల్య అనుకుంటోంది, పాపం.

“అది గాదు ప్రదీప్. ఫోన్ల తీసేసినంక గూడ డబ్బాల ఎందుకుంటది అని అడుగుతున్న.”

“అందుకే గద వదినా డబ్బా పెట్టింది. ఊకె ఫోన్లు నిండిపోతున్నయని మీరే మొత్తుకుంటిరి. ఇంట్ల మూడు ఫోన్లు ఉన్నయ్. వైఫై దొరకంగనే మూడిట్లయి వాటంతటవే డబ్బాలకు పోతయ్. ఇగ ఫోన్ల తీసేసినా డబ్బాలది పోదు.”

“వాటంతటవేనా? మనం పంపకున్నా?”

“పంపకున్నా. ఫోన్ ఆడ పెట్టి నువ్వు బట్టలుతుక్కున్నా పోతయ్.”

“వీడియోలు గూడ?”

“వీడియోలు గూడ.”

“ఎంత సేపట్ల?”

“పావుగంట చాలు. ఎందుకు?”

“ఊకెనే.”

“ఊకె అడిగేదానివి గాదు నువ్వు. డబ్బా పెట్టి ఏడాదైంది, ఒక్కనాడన్న దాని ముచ్చట ఎత్తినవా?”

“ఆగు. సప్పుడైంది.”

“ఏం సప్పుడు?”

“జర ఆగు. ...ఏం లేదు, అత్తమ్మ శనగల గంజు దించింది. ప్రదీప్, ఒకటి తీసెయ్యాలె. నేను తీస్తుంటే వస్తలేదు. అనుమతి లేదు అంటుంది.”

“గది నేనే పెట్టిన. అక్క పిల్లలొచ్చి క్రిస్మస్ ఫోటోలు సగం తుడిచిపెట్టిరి గద. అప్పటి సంది తీసేసే అధికారం నాకు, అన్నకే.”

“అన్నకు గూడనా?”

“ఇంట్ల పెద్దోడు గద.”

“అంటే ఆయనకు అన్ని కనపడ్తయా? నా ఫోన్లకెంచి పోయినయి గూడ?”

“అందరియి అందరికి కనపడ్తయ్. ఒకటే ఇల్లు, ఒకటే డబ్బా. నువ్వేం పరేషాన్ గాకు, అన్నకు ఫోన్ల చూసుడు రాదు. ఆయన చూసేది టీవీలనే.”

“టీవీల.”

“ఆదివారం చూస్తరు గద. ప్రార్థన, గుడాలు, ఛాయ. ఎనకనే టీవీల వారం ఫోటోలు. నాయన ఉన్నప్పటి అలవాటు అది. అప్పుడు ఆల్బం తిప్పేటోడు, ఇప్పుడు టీవీ తిప్పుతది.”

“వారంల వచ్చినయన్ని వస్తయా? ఏరుకునుడు ఏం ఉండదా?”

“ఏరుకునుడేంది. వరుసగ దానంతటదే నడుస్తది.”

“నడుమల వీడియో వస్తే?”

“వీడియో వస్తే సౌండుతోని నడుస్తది. పోయినవారం సండే స్కూల్ పిల్లల పాట నడ్వలేదా? పాస్టరయ్య ఎంత మురిసిండు.”

“ఇయ్యాల ఎవలెవలు వస్తున్నరో తెల్సా నీకు? పెద్దమామ వస్తుండు. పాస్టరయ్య, పాస్టరమ్మ వస్తుండ్రు. సంఘపోళ్లు ఇరవై మంది.”

“మంచిదే గద.”

“ప్రదీప్, నీ కాళ్లు మొక్కుత. ఆ ఒక్కటి తీసేయ్.”

“కాళ్లేంది వదినా, ఏం మాట అది. ఏమైంది? ఏ ఫోటో?”

“వీడియో. శుక్రవారంది. పొద్దుగాల పది గంటలప్పుడుది.”

“ఏమున్నది దాంట్ల?”

“ఏం లేదు. ఫోన్ చేతుల ఉంటె ఒత్తుకుపోయింది. దానంతటదే తీసింది.”

“ఏం లేకుంటె ఎందుకు భయపడుతున్నవ్?”

“ఎవరు భయపడ్డరు? ఆడోళ్లది. బట్టలు గిట్ట సరిగ్గ లెవ్వు. మరిదివి, నీతోని చెప్పేటిదేనా అది?”

“అయ్యో. సరే, సరే. నేను చూడ. తేదీ పట్టుకోని తీసేస్త.”

“చూడకుండ తీస్తవా?”

“చూడకుండనే. గని ఒక్కటుంది వదినా. డబ్బాల తీసేస్తే అయిపోదు. పక్కకు వైరుతోని నల్ల డిస్క్ ఉంది గద, దాంట్లకెంచి గూడ తియ్యాలె.”

“అదేంది మల్ల?”

“డబ్బా కరాబైనా ఫోటోలు పోవద్దని. వారానికొకసారి డబ్బాలున్నయి మొత్తం దాంట్లకు కాపీ అయితయ్. ఆదివారం పది నుంచి పన్నెండు దాంక. మీరందరు చర్చికి పోతరు, ఫోన్లు ఎవలు ముట్టరు, నిమ్మలంగ అయితదని ఆ టైం పెట్టిన.”

“ఇయ్యాలనే ఆదివారం.”

“అవ్. అంటే పొద్దుగాలనే అది గూడ పోయి ఉంటది.”

“దేవా. ఒకటి తీద్దామంటె రెండైనయ్.”

“రెండూ తీస్త. లాప్‌టాప్ తెరుస్తున్న. అన్న ఏడున్నడు?”

“ఆత్మకూరు పోయిండు. పోయి గంటైంది. ప్రదీప్, జల్ది.”

“జల్దినే. మీ ఇంటి డబ్బా హైదరాబాదుకు అందాలె గద, జర సేపు పడ్తది. అమ్మ మంచిగుందా?”

“మంచిగుంది. తీసినవా?”

“ఇంకా తెరుసుకోలే. అమ్మ బీపీ గోలీలు మర్చిపోకుండ మింగుతుందా?”

“మింగుతుంది. నీకు దండం పెడ్త, ఇంక ముచ్చట్లు ఎందుకు.”

“వచ్చింది. ముందుగాల నల్లదాంట్ల చూస్త. ...ఇదేంది?”

“ఏమైంది?”

“ఇదేంది వదినా. ఖాళీ ఉంది.”

“ఖాళీ ఉంటే మంచిదే గద.”

“మంచిదెట్లయితది. ఒక్క ఫోటో లేదు. చివరి కాపీ ఎప్పుడైంది అన్న కాడ, ఒక్కసారి గూడ గాలేదు అని రాసి ఉంది. ఏడాది పొడుగు. ప్రతి ఆదివారం పది గంటలకు డబ్బా బంద్ ఉంది. మీ గల్లీల ఆదివారం కరెంటు తీస్తరా?”

“కరెంటోళ్లు తియ్యరు. అత్తమ్మ తీస్తది.”

“అమ్మనా?”

“చర్చికి పొయ్యేటప్పుడు మెయిన్ బంద్ చేస్తది గద. ఎన్నడో పక్కింట్ల ఫ్రిజ్ కాలిందని, ఇల్లు ఇడిసిపోతె కరెంటు ఉంచొద్దంటది. వచ్చినంక మల్ల వేస్తది.”

“ఇంట్ల ఎవలుండరని నేను ఆ టైం పెట్టిన. ఎవలుండరని అమ్మ బంద్ చేసింది. చూసినవా? నేను అదొక పెద్ద తెలివి అనుకున్న.”

“పోనీ తియ్. నల్లదాంట్ల లేదు గద. డబ్బాలది తీసేయ్.”

“వదినా, నీకు తెలుస్తలేదు. నాయన పాడిన క్యాసెట్లన్ని దాంట్లకు ఎక్కిచ్చి క్యాసెట్లు పారేసిన నేను. అక్క పెండ్లి, మీ పెండ్లి, అక్క పిల్లల బాప్తిస్మం, మొత్తం ఆ ఒక్క డబ్బాలనే ఉన్నయ్. రేపు అది కరాబైతె మన తాన చారెడు బూడిద గూడ మిగలదు. ఆగు, ఇప్పుడే కాపీ షురూ చేస్త.”

“వద్దు.”

“వద్దేంది?”

“ముందు అది తీసి షురూ చెయ్యి.”

“షురూ చేసిన. కొత్తయి ముందుగాల పోతయ్, పాతయి ఎనక.”

“ఆపు.”

“వదినా...”

“ఆపు ప్రదీప్. శుక్రవారంది దాంట్లకు గూడ పోతది. ఆపు అంటున్న గద.”

“ఆపిన. ఆపిన. ఏడుస్తున్నవేంది?”

“ఏడుస్తలేను.”

“ఏడుస్తున్నవ్.”

“గట్టిగ మాట్లాడకు, అత్తమ్మ ఉంది. శుక్రవారంది తీసినవా?”

“ఇగో, వచ్చింది. పదకొండు నిమిషాలు ఉంది. పదకొండు నిమిషాలు ఒత్తుకుపోయి ఉన్నదా ఫోన్?”

“చూడకు.”

“చూస్తలేను. తెరువకముందే బొమ్మ చిన్నగ కనపడ్తది గద. వంటిల్లు. ముందల బియ్యం డబ్బా అంచు. ఫోన్ అరల నిలబెట్టి తీసినట్టుంది.”

“చూడనంటివి గద ప్రదీప్.”

“వదినా. నేల మీద ఉన్నది నువ్వేనా?”

“నేనే.”

“అన్న చేతుల ఏంది అది?”

“సౌండ్ పెట్టకు.”

“పెట్టలే.”

“పెట్టకు. నీ దిక్కుది నాకు వినపడ్తది. మల్లొకసారి వినలేను నేను.”

“ఎందుకు కొట్టిండు?”

“ఎందుకైతె ఏంది. ఒక్కోనాడు ఒకటి.”

“ఒక్కోనాడు అంటే... ఎన్నాళ్ల సంది?”

“నువ్వు అడుగకు, నేను చెప్ప.”

“నేను నెల నెల వస్తనే ఉన్న. ఎన్నడు ఒక్క మాట అనలే నువ్వు.”

“నీకు అన్నం పెట్టుకుంట చెప్పాల్నా? మీ అన్న పక్కకు కూసోని తింటుంటె చెప్పాల్నా?”

“అమ్మకు తెల్వదా?”

“తెల్వదు. శుక్రవారం గోలి మింగి పండుకున్నది. లేసినంక చెప్పింది నాకు, మంచి నిద్ర పట్టిందని.”

“మంచి నిద్రనా? మరి ఈ...”

“ఏంది ప్రదీప్?”

“ఏం లేదు.”

“ఏమో అనబోయినవ్.”

“ఏం లేదు వదినా. తలుపు దిక్కు ఎలుగు ఎక్కువుంది, సరిగ్గ కనపడ్తలేదు. నువ్వు చూసినవా ఇది?”

“నేనా? లేదు. ఆయన ఫోన్ అడుగుతడేమోనని మధ్యాహ్నంకల్ల తీసేసిన.”

“ఒక్కసారి గూడ చూడలే.”

“చూసుడెందుకు? నా మీదనే అయింది గద.”

“మరి ఎందుకు తీసినవ్?”

“మా చెల్లె చెప్పింది. ఊకె నోటితోని చెప్తె ఎవలు నమ్మరక్కా, నీ తాన సాక్షి ఉండాలె అన్నది. ఆ పొద్దు ఆయన బూట్లు ఇడిసిన సప్పుడు బట్టే నాకు తెల్సిపోయింది. ఏం ధైర్యమొచ్చిందో, ఫోన్ అరల పెట్టిన. అయినంక ఆ ధైర్యం ఏడికి పోయిందో తెల్వదు. రెండు రోజుల సంది అన్నం సయిస్తలేదు. టీవీ పెట్టినప్పుడల్ల లేసి వంటింట్లకు పోతున్న.”

“తీసేస్త వదినా. తీసేసుడే మంచిది.”

“నేను మొదటి సంది అదే అంటున్న.”

“అమ్మ చూడద్దు ఇది. పెద్దనాయన చూడద్దు. పాస్టరయ్య ముందల ఇజ్జత్ పోతది.”

“ఎవల ఇజ్జత్?”

“అందరిది వదినా. అమ్మది గూడ.”

“అత్తమ్మ ఏం చేసింది, ఆమె ఇజ్జత్ పొయ్యేటందుకు?”

“ఏం చెయ్యలే. ఏం చెయ్యలేదమ్మ. నేను అన్నతోని మాట్లాడ్త.”

“మాట్లాడకు. నువ్వు ఆడికెంచి ఒక మాట మాట్లాడితె నాకు ఈడ ఇంకో శుక్రవారం.”

“సరే. మాట్లాడ. ఎవలకన్న పంపినవా ఇది? మీ చెల్లెకు?”

“లేదు.”

“ఫోన్ల లేదు, నల్లదాంట్ల లేదు. లోకం మీద ఇదొక్కటే. తీసేస్తె మల్ల నేను గూడ తేలేను.”

“తీసేయ్.”

“శాశ్వతంగ తీసెయ్యాల్నా అని అడుగుతుంది.”

“అవును అని ఒత్తు.”

“ఒత్తుతున్న.”

“ఒత్తకు ప్రదీపా. అమ్మను.”

“అమ్మా?”

“అత్తమ్మా... గుడాలైనయా? నేను వస్తుంటినే, గిన్నెలు కడుగుదామని.”

“స్టవ్ బంద్ చేసిన. ఈ తలుపు మంచిగ పడదు బిడ్డా. నువ్వేమో స్పీకర్ పెట్టుకోని మాట్లాడుతున్నవ్.”

“ఏం లేదత్తమ్మా, ఫోటోలు నిండినయంట, ప్రదీప్‌ను జర అడుగుదామని...”

“విన్న బిడ్డా. గంజు దించినప్పటి సంది ఈడనే ఉన్న. ప్రదీపా, తీసినవా?”

“లేదమ్మా. ఏలు మీట మీదనే ఉంది.”

“ఏలు తియ్. ఇందాక నల్లదాంట్లకు కాపీ అన్నవ్ గద, అది చెయ్యి. నీ తాన గూడ ఒకటి పెట్టుకో. మెయిన్ బంద్ చెయ్య ఇగ. చెయ్యొద్దని ఒక్కలన్న నాకు చెప్పిండ్రా?”

“అమ్మా, నీకు తెల్వదు. ఇది చిన్న ముచ్చట గాదు.”

“చెయ్యమన్న గద.”

“వద్దు ప్రదీప్. అత్తమ్మా, మీ కాళ్లు పట్టుకుంట. ఆరింటికి టీవీల వస్తది. ఆయన చూస్తడు. అందరు ఉన్నంత సేపు నవ్వుకుంట కూసుంటడు. వాళ్లు పోయినంక తలుపు పెడ్తడు.”

“టీవీ ప్లగ్గు పీకేస్త. ఇయ్యాల టీవీ లేదు. లే, కాళ్ల కాడికెంచి లే.”

“టీవీ లేకుంటె తీసేస్తె ఏమైతది మరి?”

“యోసేపు బావ వస్తుండు, పాస్టరయ్య వస్తుండు. వాళ్ల ముందల జయపాల్ చేసేది నేను నా నోటితోని చెప్త.”

“వద్దత్తమ్మా.”

“అమ్మా, అన్న ఒప్పుకుంటడా? ముసల్దానికి మతి పోయింది అంటడు.”

“అంటడు. వాళ్ల నాయనసుంటి నాలుక. అందుకే అది ఉండాలె.”

“నాకు భయమైతుంది.”

“నాకు గావట్లేదా బిడ్డా? పొద్దటి సంది గంటె రెండుసార్లు కింద పడ్డది. రెండు చీరెలు సంచిల పెట్టు. పాస్టరయ్య కారుల ఇయ్యాలనే మీ అమ్మగారింటికి కొల్లాపూర్ పోతవ్. నేను అడుగుత ఆయనను.”

“ఆయన పోనిస్తడా నన్ను?”

“ఇరవై మంది ఉంటరు. ఇరవై మంది ముందల పట్టి గుంజడు. వానికి నలుగురంటె బెరుకు, ఒక్క మనిషంటె బెరుకు లేదు.”

“అత్తమ్మా... ఆయన ఫోన్ వస్తుంది.”

“ఎత్తు.”

“ఎత్తలేను.”

“ఎత్తకుంటె ఇంకా అనుమానం. ఎత్తు, అన్ని తయారైనయని చెప్పు. ప్రదీపా, నువ్వు సప్పుడు చెయ్యకు.”

“...హలో. ఆ. అయినయ్. గుడాలు అయినయ్. లేదు, గొంతేం గాలేదు, పొగ వచ్చింది. కుర్చీలు వేసిన. ఆ. సరే.”

“ఏడున్నడు?”

“బస్టాండు కాడికొచ్చిండు. పెద్దమామకు అరటిపండ్లు కొంటుండంట. పది నిమిషాలు. ఆరింటికి గద ప్రార్థన, పాస్టరయ్య రాకముందే వస్తుండు అత్తమ్మా.”

“యోసేపు బావ ఉన్నడు గద బండి మీద. ఒక్కడు చాలు. ప్రదీపా, ఉన్నవా?”

“ఉన్న.”

“అయితుందా?”

“అయితుంది. నల్లదాంట్ల పడ్డది. నా తానకు సగం వచ్చింది. అమ్మా, ఇంకొక్కసారి ఆలోచన చెయ్యి. ఇది బయటపడితె అన్న ఒక్కడే బయటపడడు.”

“తెల్సు. ఇందాక నువ్వు మాట మింగినవ్ గద, అప్పుడే తెల్సింది నాకు.”

“సంఘపోళ్లు నీ మొఖం చూడరు. నువ్వు ముందల కూసోని పాట ఎత్తుకునే మనిషివి.”

“చూడకుంటె చూడకపాయె.”

“మీరిద్దరు ఏం మాట్లాడుతున్నరు? అన్న ఒక్కడే బయటపడడు అంటే ఏంది? అత్తమ్మా, అసలు వాళ్లకు ఏమని చెప్తరు మీరు? మీరు చూడలే గద. గోలి మింగి పండుకున్న అంటిరి.”

“పండుకోలే బిడ్డా. పదకొండు నిమిషాలు తలుపు కాడ నిలబడి చూసిన. దాంట్ల నేను గూడ ఉన్న.”